కాలితో చెరిపిన వాక్యం

ఉజ్జయిని న్యాయసభలో ఒక గుమాస్తా నిజాన్ని రాశాడు. రాజుగారి బావమరిది దాన్ని పాదంతో తుడిచేశాడు. ‘మృచ్ఛకటికం’ నాటకాన్ని ఆ తుడిచిన చోటి నుంచి చదివితే ఏం కనిపిస్తుంది?

తొమ్మిదో అంకం. న్యాయసభ కొలువుదీరింది. అధికరణికుడు, అంటే న్యాయమూర్తి, మధ్యన కూర్చున్నాడు. ఆయనకు తోడుగా నగర శ్రేష్ఠి, రాతకోతలు చూసే కాయస్థుడు ఉన్నారు. ఫిర్యాదు తెచ్చినవాడు పాలకుడనే రాజుకు బావమరిది అయిన శకారుడు. పుష్పకరండక తోటలో వసంతసేనను ఎవడో నగల కోసం గొంతు నులిమి చంపేశాడని చెబుతూ చెబుతూ, ఎవరూ అడగకుండానే, ఆ చంపింది తాను కాదని నోరు జారతాడు. జారిన మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

న్యాయమూర్తి ఆ మాటను వదిలిపెట్టలేదు. ఈ వ్యాజ్యానికి ఇదే మొదటి పాదం, రాసుకోమన్నాడు. కాయస్థుడు రాశాడు. పాయసం మీద ఆత్రంతో నోరు కాల్చుకున్నవాడిలా తనను తానే పాడు చేసుకున్నానని శకారుడు లోలోపల కుమిలి, ఆ రాతను కాలితో చెరిపేస్తాడు.

ఆపినవాడు లేడు. మళ్లీ రాయమన్నవాడూ లేడు. వ్యాజ్యం ముందుకు సాగిపోతుంది.

మార్చి 27 రంగస్థల దినోత్సవం సంచిక కోసం ఒక ప్రాచీన నాటకం తీసుకుని, అందులో కలిమిలేముల తేడాలు, రాజకీయ కుట్రలు ఎలా ఉన్నాయో రాయమన్నారు ఎడిటర్ గారు. గడువు వారం. చారుదత్తుడు, వసంతసేన, వానలో కలయిక, కొడుకు చేతిలో మట్టిబండి... వీటితోనే కథనం అల్లుదామని కూర్చున్నాను. కానీ ఈ చెరిపివేత దగ్గరికి వచ్చాక కదలలేకపోయాను. వారంలో ఐదు రోజులు ఆ ఒక్క అంకంలోనే గడిచాయి. కాలితో తుడవగలిగాడంటే ఆ వాక్యం నేల మీదో, కాలికి అందేంత కింద ఉన్న పలక మీదో రాసి ఉండాలి. నిజం అంత కింద ఉంది. దానికంటే ఎత్తులో ఒక పాదం ఉంది. ఈ నాటకం సారమంతా నాకు ఆ దృశ్యంలోనే ఉందనిపించింది.

కథ తెలియనివారికి క్లుప్తంగా: పది అంకాల సంస్కృత ప్రకరణం ఇది. కర్త శూద్రకుడు. ఏ కాలంవాడో పండితులు తేల్చలేదు. నూరేళ్ల పది రోజులు బతికి అగ్నిప్రవేశం చేశాడని నాటకం మొదట్లోనే ఉంటుంది కాబట్టి, ఆ మాటలు మరొకరు చేర్చినవే అయ్యుండాలి. తిరువనంతపురం నాటకాలుగా పేరుపడి, భాసుడివని చెప్పే వాటిలో ‘చారుదత్తం’ అనే నాలుగంకాల నాటకం ఉంది. మృచ్ఛకటికం తొలి భాగం దాని వెంటే నడుస్తుంది. ఆస్తంతా దానధర్మాలకు కరిగించుకున్న బ్రాహ్మణ వర్తకుడు చారుదత్తుడు. అతణ్ణి మనసారా కోరుకున్న సంపన్న గణిక వసంతసేన. ఆమె వెంటపడే శకారుడు. వీళ్ల వెనక చీకట్లో మరో కథ నడుస్తుంటుంది. ఆర్యకుడనే గొల్లపిల్లవాడు రాజవుతాడని ఒక సిద్ధుడు జోస్యం చెప్పాడు. భయపడ్డ పాలకుడు అతణ్ణి పల్లె నుంచి పట్టి తెప్పించి, సంకెళ్లు వేసి చెరలో పెట్టాడు. చివరికి పాలకుడు హతుడవుతాడు, ఆర్యకుడు గద్దెనెక్కుతాడు.

ముందు నా వ్యాజ్యమే

శకారుడు వచ్చినప్పుడు, ఈ రోజు మీ ఫిర్యాదు వినడం కుదరదని న్యాయమూర్తి చెప్పించాడు. వెంటనే శకారుడు బెదిరింపుకు దిగాడు. బావతో చెబుతాను, అక్కతో, అమ్మతో చెబుతాను, ఈ న్యాయమూర్తిని తీయించి ఇంకొకణ్ణి పెట్టిస్తాను అన్నాడు. అంతే, ఫిర్యాదు స్వీకరించారు.

ఇక్కడ న్యాయమూర్తి చెడ్డవాడు కాడు, అదే కలతపెట్టే విషయం. సభలోకి అడుగుపెడుతూనే, ఇతరుల మనసు తెలుసుకోవడం ఎంత కష్టమో, ఇరుపక్షాలూ తమ తప్పు దాచి ఎదుటివాడి తప్పే ఎలా చూపిస్తాయో చెప్పుకుని నిట్టూర్చే మనిషి అతను. శకారుడు నేరం మోపిన చారుదత్తుడు ఈ పని చేయడని అతనికి తెలుసు, ఆ నమ్మకాన్ని దాచుకోడు కూడా. చారుదత్తుడికి ఆసనం వేయిస్తాడు. ఆడదాన్ని చంపినవాడికి ఆసనమా అని శకారుడు అరిచినా వెనక్కు తగ్గడు. చదువు, మర్యాద, విచక్షణ అన్నీ ఉన్న న్యాయమూర్తి ఇతను. ఉద్యోగం మాత్రం రాజుగారి ఇంటి ఆడవాళ్ల చెవిలో పడే ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

సాక్ష్యాలు ఒక్కొక్కటే వస్తాయి. వసంతసేన తల్లి వచ్చి, కూతురు చారుదత్తుడి ఇంటికి వెళ్లిందని నిజం చెప్పేస్తుంది. కాపలా అధికారి వీరకుడు తన సొంత ఫిర్యాదుతో వచ్చి, వసంతసేనను తోటకు తీసుకెళుతోందన్న చారుదత్తుడి బండి గురించి చెబుతాడు. అతణ్ణే గుర్రం మీద తోటకు పంపుతారు. అక్కడ జంతువులు పీక్కు తిన్న ఒక స్త్రీ శవం చూశానని అతను తిరిగొచ్చి చెబుతాడు. ఆ శవం ఎవరిదని ఎవరూ అడగరు. తర్వాత చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు వస్తాడు. వసంతసేన నగలు ఆమెకు తిరిగిచ్చేందుకు చంకలో పెట్టుకుని బయల్దేరినవాడు, శకారుడితో పెనుగులాటకు దిగుతాడు. నగల మూట జారి సభ మధ్యన పడుతుంది.

ఆ నగలు ఎక్కడివి? చారుదత్తుడి పసివాడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండి కోసం ఏడ్చాడు. పనిమనిషి రదనిక మట్టిబండి చేసిచ్చినా ఊరుకోలేదు. చూసి కళ్లు చెమర్చిన వసంతసేన ఒంటి మీది నగలన్నీ ఒలిచి ఆ మట్టిబండిలో నింపింది, బంగారు బండి చేయించుకోమని. నాటకానికి పేరు పెట్టిన ఘట్టం అదే. ఒక పేదింటి బిడ్డ ఏడుపు ఆపడానికి ఇచ్చిన బంగారం, ఆ బిడ్డ తండ్రి మెడకు ఉరితాడైంది.

ఇక్కడ వసంతసేన తల్లి చేసిన పని నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. కూతురు చనిపోయిందని నమ్ముతూనే, ఎదుట ఉన్న నగలు తన కూతురివేనని పోల్చుకుంటూనే, ఇవి అలాంటివే కానీ అవి కావంటుంది. చారుదత్తుణ్ణి కాపాడాలని. సభలో ఒక అబద్ధం దయతో పుట్టింది, ఒక నిజం కాలి కింద పోయింది. చారుదత్తుడే ఒప్పుకుంటాడు, అవి ఆమె నగలేనని.

మనువు ప్రకారం బ్రాహ్మణుణ్ణి చంపకూడదు, ఆస్తితో సహా దేశం దాటించాలి అని న్యాయమూర్తి రాజుకు నివేదిస్తాడు. నిర్ణయం వరకే మాది, ఆపైన రాజుగారిదే అంటాడు. రాజు ఆజ్ఞ వస్తుంది: చిల్లర సొమ్ము కోసం చంపాడు కాబట్టి, ఆ నగలే మెడలో కట్టి, డప్పు వాయిస్తూ దక్షిణ శ్మశానానికి నడిపించి కొరత వేయండి.

చిల్లర సొమ్ము కోసం! పేదవాడు హత్య చేశాడంటే కారణం వెతకనక్కర్లేదు, పేదరికమే కారణం. ఇది జరుగుతుందని చారుదత్తుడికి మూడో అంకంలోనే తెలుసు. తన ఇంట్లో దాచమన్న వసంతసేన నగలను దొంగ ఎత్తుకుపోయినప్పుడు, జరిగింది చెప్పినా ఎవరు నమ్ముతారని కుంగిపోతాడు. లేమి ఉన్నవాడి మీద లోకానికి అనుమానం ముందే సిద్ధంగా ఉంటుందంటాడు. ఆ మాట తొమ్మిదో అంకంలో తీర్పై తిరిగొచ్చింది.

పిలవని సాక్షులు

తొమ్మిదో అంకాన్ని మూడోసారి చదువుతున్నప్పుడు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడింది. ఈ వ్యాజ్యమంతా రెండు బళ్ల చుట్టూ తిరుగుతుంది. వసంతసేన ఏ బండి ఎక్కింది, ఏ బండి ఎక్కడికి పోయింది అన్నది తేలితే అంతా తేలినట్టే. ఆ రెండు బళ్లకూ తోలినవాళ్లు ఉన్నారు. చారుదత్తుడి బండివాడు వర్ధమానకుడు. శకారుడి బండివాడు స్థావరకుడు.

ఆ ఇద్దరినీ న్యాయసభ పిలవలేదు.

శ్రేష్ఠి ఉన్నాడు, కాపలా అధికారి ఉన్నాడు, బ్రాహ్మణ మిత్రుడు ఉన్నాడు. కళ్లారా చూసిన బండివాడు లేడు. ఆరో అంకంలో వర్ధమానకుడు బండిలో పరిచే గుడ్డ మరిచిపోయి, దాని కోసం వెనక్కి పోయాడు. ఆ సందులో, పల్లెబళ్లు దారికి అడ్డుపడడంతో స్థావరకుడు తన బండిని చారుదత్తుడి ఇంటి పక్కద్వారం దగ్గర ఆపాడు. వసంతసేన పొరపాటున అందులో ఎక్కింది. తిరిగొచ్చిన వర్ధమానకుడి బండిలోకి చెర తప్పించుకున్న ఆర్యకుడు దూరాడు. ఒక గుడ్డ మరిచిపోవడం, ఒక దారి ఇరుకు కావడం: ఒక స్త్రీ ప్రాణం, ఒక రాజ్యం రెండూ ఈ రెండింటి మీద తిరిగాయి. అది తెలిసినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ దాసులు.

స్థావరకుడు

ఈ నాటకంలో నాకు అందరికంటే ప్రియమైనవాడు ఇతను.

ఎనిమిదో అంకంలో శకారుడు ఇతనికి బంగారు కడియాలు ఇస్తానన్నాడు, బంగారు పీట చేయిస్తానన్నాడు, పనివాళ్లందరికీ పెద్దను చేస్తానన్నాడు. దేనికైనా సరేనన్న స్థావరకుడు, వసంతసేనను చంపమనగానే ఆగిపోయాడు. తన ఒంటి మీద యజమానికి హక్కు ఉందిగానీ నడవడి మీద లేదన్న అర్థంలో జవాబిచ్చాడు. పూర్వం చేసిన పాపానికే దాసుడిగా పుట్టానని నమ్మే మనిషి అతను. మళ్లీ అలాంటి పాపం కొనితెచ్చుకోనన్నాడు. దెబ్బలు తిన్నాడు. తనను దాసుణ్ణి చేసిన నమ్మకంలోంచే, తనను మనిషిగా నిలిపే ధైర్యాన్ని కూడా అతను తవ్వుకున్నాడు. వాడిని పక్కకు పంపి శకారుడు తన చేతులతోనే ఆమె గొంతు నులిమాడు, తర్వాత స్థావరకుణ్ణి మేడ మీద సంకెళ్లతో కట్టించాడు.

పదో అంకంలో కింద వీధిలో చారుదత్తుణ్ణి వధ్యస్థానానికి నడిపిస్తున్న డప్పు వినిపిస్తుంది. పై నుంచి స్థావరకుడు అరుస్తాడు, ఎవరికీ వినపడదు. తాను చచ్చినా ఆయన బతికితే చాలనుకుని, శిథిలమైన కిటికీలోంచి కిందికి దూకేస్తాడు. చావలేదు. పడిన దెబ్బకు సంకెల తెగింది. పరుగెత్తుకొచ్చి, చంపింది శకారుడని చెప్పాడు.

ఒక్క నిమిషం అందరూ నమ్మారు. అప్పుడు శకారుడు వచ్చి, గుట్టుగా ఒక కడియం చేతిలో పెట్టి మాట మార్చమన్నాడు. స్థావరకుడు ఆ కడియాన్ని పైకెత్తి జనానికి చూపించాడు, చూడండి, బంగారంతో నోరు మూయించాలని చూస్తున్నాడని. శకారుడు దాన్ని లాక్కుని, ఇదిగో వీడు దొంగిలించిన బంగారం, అందుకే కొట్టి కట్టేశాను, కావాలంటే వీపు చూడండి అన్నాడు.

వీపు మీద వాతలున్నాయి. హంతకుడి మాట కాదన్నందుకు తిన్న దెబ్బలు, దొంగతనానికి రుజువయ్యాయి. దెబ్బలు తిని మండిపోతున్న దాసుడు ఏమైనా అంటాడని తలార్లు సర్దుకున్నారు. తొమ్మిదో అంకంలో నేల మీది రాతను చెరిపిన పాదమే, పదో అంకంలో మనిషి వీపు మీద రాసింది. ఆ రెండో రాతను మాత్రం అందరూ నమ్మారు.

దాసుడిగా పుడితే నిజం చెప్పినా నమ్మరన్న దుఃఖంతో స్థావరకుడు చారుదత్తుడి కాళ్ల మీద పడతాడు. పేదవాడి నిజం నమ్మరని మూడో అంకంలో చారుదత్తుడు పడిన బాధే ఇది. తేడా ఒకటుంది. చారుదత్తుడికి సభలో ఆసనం దొరికింది. స్థావరకుడికి వీధి దొరికింది, అదీ మేడ మీంచి దూకితే.

బాక్స్: ఎవరు ఏ భాష

రాజు, బ్రాహ్మణుడు సంస్కృతం మాట్లాడితే స్త్రీలు, సేవకులు ప్రాకృతాలు మాట్లాడడం సంస్కృత నాటకాల ఆనవాయితీ. మృచ్ఛకటికంలో ప్రాకృతాల వైవిధ్యం అసాధారణం. వ్యాఖ్యాత పృథ్వీధరుడు ఏడు రకాలు లెక్కపెట్టాడు. శకారుడు ‘స’ పలకాల్సిన చోట ‘శ’ పలుకుతాడు, ఆ పేరు అందుకే. రామాయణ భారతాల పేర్లు తారుమారు చేసి మాట్లాడతాడు, ఎవరూ దిద్దరు. అధికారం ఉన్నవాడి అజ్ఞానం కూడా మాటగా చెల్లుతుంది. స్థావరకుడు మాట్లాడేది మాగధి. ఎదురుగా దిద్దడానికి ఏమీ లేని నిజాన్ని అందులోనే చెబుతాడు.

కుట్ర ఎక్కడ పుట్టింది

పాలకుణ్ణి పడగొట్టిన కుట్రను నాటకం తెర వెనక ఉంచింది, నిజమే. కానీ ఆ కుట్ర పోగుపడే చోట్లు చూడండి. రెండో అంకంలో జూదరుల తగవు. అక్కడ దర్దురకుడనే జూదరి ఒక మాట వదిలేస్తాడు: ఆర్యకుడు రాజవుతాడని స్నేహితుడు శర్విలకుడు చెప్పాడు, మాలాంటివాళ్లంతా అతని వెంటే పోతున్నారు. మూడో అంకంలో ఆ శర్విలకుడే చారుదత్తుడి గోడకు కన్నం వేస్తాడు. ఎందుకు? వసంతసేన దగ్గర దాసిగా ఉన్న మదనికను విడిపించుకోవడానికి డబ్బు లేదు. వసంతసేన సంగతి తెలుసుకుని మదనికను అలాగే విడిచిపెట్టి ఇచ్చింది. కొత్త పెళ్లికూతురితో బండి ఎక్కుతుండగా ఆర్యకుణ్ణి చెరలో వేశారన్న చాటింపు వినపడింది. శర్విలకుడు ఆమెను స్నేహితుడి ఇంటికి పంపేసి తిరుగుబాటుకు బయల్దేరాడు. అతను కూడగట్టాలనుకున్నవాళ్లలో బంధువులు, సొంత బాహుబలంతో పేరు తెచ్చుకున్నవాళ్లు, రాజు అవమానించిన రాజసేవకులు ఉన్నారు. మంత్రులు, సామంతులు ఎక్కడా లేరు.

ఆరో అంకంలో ఇద్దరు కాపలా అధికారులు, వీరకుడు, చందనకుడు, దారి కాస్తుంటారు. ఆర్యకుడు దాక్కున్న బండిని మొదట చూసింది చందనకుడు. లోపలున్నవాణ్ణి గుర్తుపట్టి, శరణన్నవాణ్ణి పట్టివ్వలేక, బండిలో ఉన్నది వసంతసేన అని వీరకుడితో అంటాడు. మొదట నోట ‘ఆర్యుడు’ అని వచ్చి, తర్వాత ‘ఆర్య’ అని సర్దుకోవడంతో వీరకుడికి అనుమానం వచ్చింది. చందనకుడు తాము దక్షిణాది వాళ్లమని, మాట స్పష్టంగా రాదని సర్దిచెప్పి, తెలిసిన దేశాల పేర్లు వరసగా చదువుతాడు. అందులో కర్ణాట, ద్రవిడ, చోళ పేర్లు వినిపిస్తాయి. చివరికి పోట్లాట కులం దాకా వెళుతుంది. నువ్వు మంగలివంటే నువ్వు తోలుపని చేసేవాడివని ఒకరినొకరు బయటపెట్టుకుంటారు. కర్ణాట తగువు తీరులో తగాదా పెట్టుకుని చందనకుడు వీరకుణ్ణి తంతాడు. ఆర్యకుడి చేతికి కత్తి ఇచ్చి పంపేస్తాడు.

రాజ్యం ఆ క్షణంలో మారింది. యజ్ఞవాటికలో పాలకుణ్ణి చంపడం తర్వాతి తతంగం. అసలు పని ఒక దక్షిణాది చర్మకారుడు నోరు తడబడి, ఆ తడబాటును కప్పుకోవడానికి చేసిన తగువులో పూర్తయింది. ఈ నాటకంలో రాజకీయ కుట్ర అంటే చిన్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో చోట పై ఆజ్ఞను పాటించకపోవడం. జోస్యం సిద్ధుడిది కావచ్చు, దాన్ని నిజం చేసింది మాత్రం వీళ్లే.

తలారి తండ్రి మాట

చారుదత్తుణ్ణి నడిపించుకెళుతున్న ఇద్దరు తలార్లను నాటకం చండాలురనే పిలుస్తుంది. వాళ్ల నోట ఒక మాట వస్తుంది: ఆ కులంలో పుట్టినా తాము చండాలురం కాము, మంచివాణ్ణి హింసించేవాడే చండాలుడు. ఆజ్ఞ రాజుది, చెయ్యి తమది అన్న బాధ ఆ మాటలో ఉంది.

చంపే వంతు ఎవరిదని ఇద్దరూ లెక్క చూసుకుంటారు. వంతు వచ్చినవాడు ఆలస్యం చేస్తాడు. ఎందుకంటే చనిపోతూ తండ్రి చెప్పాడట: వంతు వచ్చినా తొందరపడి చంపకు. ఏ పుణ్యాత్ముడైనా డబ్బు కట్టి విడిపించవచ్చు. రాజుకు కొడుకు పుట్టి అందరినీ వదిలేయవచ్చు. ఏనుగు కట్టు తెంచుకుని వస్తే ఆ గందరగోళంలో ఖైదీ పారిపోవచ్చు. రాజే మారిపోవచ్చు, చంపాల్సినవాళ్లంతా విడుదల కావచ్చు.

తరతరాలుగా కత్తి పట్టిన ఇంట్లో కొడుక్కి దక్కిన ఆస్తి ఈ సలహా. చంపకూడదని తండ్రి చెప్పలేడు, చెబితే కూడు పోతుంది. ఆలస్యం చేయమని మాత్రం చెప్పగలడు. ఆజ్ఞను ధిక్కరించే వీల్లేనివాడికి మిగిలిన ఒకే ఒక న్యాయం ఆలస్యం. ఈ నాటకంలో నిజాన్ని గెలిపించింది న్యాయసభ కాదు, ఆ ఆలస్యం. దానివల్లే, ఎండుటాకుల కింద ప్రాణం ఉన్న వసంతసేనను లేపిన భిక్షువు ఆమెతో సమయానికి చేరగలిగాడు. ఆ భిక్షువు ఎవరు? ఒకప్పుడు పది సువర్ణాల జూదం అప్పుకు చిక్కుకుని, వసంతసేన అప్పు తీర్చితే బయటపడి సన్యసించిన సంవాహకుడు.

బాక్స్: దేశం దాటిన మట్టిబండి

విల్సన్ ఆంగ్లానువాదం 1826లో వచ్చింది. 1850లో పారిస్‌లోని ఒడియాన్ రంగస్థలంపై ఫ్రెంచి రూపం ఆడింది, కర్తలు మెరీ, నెర్వాల్. రైడర్ ఆంగ్లానువాదం 1905లో హార్వర్డ్ ప్రాచ్య గ్రంథమాలలో వెలువడింది. న్యూయార్క్ నెయిబర్‌హుడ్ ప్లేహౌస్‌లో 1924లో ఆడింది. తెలుగులో తిరుపతి వేంకట కవులు అనువదించారు. 1958లో హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢీ జానపద నటులతో ‘మిట్టీ కీ గాడీ’ ఆడించారు. బి.ఎస్.రంగా దర్శకత్వంలో అక్కినేని నటించిన ‘వసంతసేన’ 1967లో, గిరీష్ కర్నాడ్ ‘ఉత్సవ్’ 1984లో వచ్చాయి.

ఎవరికి ఏం దక్కింది

ఇప్పుడు చివరి పేజీ. రాజు మారాడు. శర్విలకుడు కొత్త రాజు తరఫున పంపకం మొదలుపెడతాడు. వసంతసేనకు ‘వధువు’ అన్న పేరు. భిక్షువుకు భూమ్మీది విహారాలన్నిటి మీద కులపతి పదవి. చందనకుడికి రాజ్యం మొత్తానికి దండపాలకుడి పదవి. ఇద్దరు తలార్లకు చండాలురందరి మీద పెద్దరికం. స్థావరకుడికి దాస్యం నుంచి విముక్తి.

ఈ జాబితాను నేను ప్రేమతోనే చదివాను. పాత నాటకాల్లో దాసుడి పేరు బహుమానాల వరసలో ఉండడమే అరుదు. అయినా మనసు కుదుటపడలేదు. తలార్లు మంచివాడెవడో చెడ్డవాడెవడో కొత్తగా నిర్వచించి చెప్పారు, వాళ్లకు దక్కింది పాత పేరులోనే పెద్దరికం. చారుదత్తుడి బండివాడు వర్ధమానకుడు జాబితాలో లేడు. మట్టిబండి చేసిన రదనిక లేదు. నిజం రాసిన కాయస్థుడు లేడు.

ఇక శకారుడు. జనం చంపెయ్యమంటున్నారు. శర్విలకుడు తనకు వదిలేయమన్నాడు. కాళ్ల మీద పడినవాడికి అభయం ఇచ్చానని చారుదత్తుడు విడిపించాడు. అంతటితో ఆగితే క్షమ గొప్పదనుకోవచ్చు. ఆ తర్వాత అతనికి ఏం చేయాలన్నప్పుడు, ఇదివరకు ఎలా ఉన్నాడో అలాగే ఉండనివ్వమన్నాడు.

ఇదివరకు ఎలా ఉన్నాడు? న్యాయమూర్తిని మార్పిస్తానని బెదిరిస్తూ, గుమాస్తా రాసినదాన్ని పాదంతో తుడుస్తూ ఉన్నాడు. అతణ్ణి క్షమించే హక్కు చారుదత్తుడికి ఉంది, అతని మెడ కాబట్టి. స్థావరకుడి వీపు తరఫున క్షమించే హక్కు అతనికి ఎవరిచ్చారు?

శూద్రకుడు ఈ ప్రశ్నను చూశాడనే నా నమ్మకం. చూడకపోతే ఆ చెరిపివేతను అంత జాగ్రత్తగా పెట్టి ఉండడు. ఆ సూచన లేకపోయినా కథ నడుస్తుంది. న్యాయమూర్తి ఆ మాటను విని వదిలేశాడన్నా సరిపోయేది. విన్నారు, రాయమన్నారు, రాశారు, అందరి కళ్ల ముందే తుడిచేశారు అన్నాడు. ఉజ్జయినిలో నిజం తెలియక అన్యాయం జరగలేదు. నిజం నమోదయ్యాక జరిగింది.

ఈ నాటకం ఈసారి ఎక్కడైనా ఆడుతుంటే ఆ తొమ్మిదో అంకంలో కాయస్థుణ్ణి గమనించండి. శకారుడి పాదం దిగేటప్పుడు ఆ నటుడు ఎటు చూస్తాడో చూడండి. దర్శకుడు ఆ గుమాస్తాకు ఇచ్చే ఆ ఒక్క చూపులో, నాటకాన్ని ఎవరి పక్కన నిలబడి చెబుతున్నాడో తెలిసిపోతుంది.